నియమరాజు తరఫు సాక్షులు

2012లో భువనేశ్వర్‌లోని ఒక పత్రికాఫీసు ఆవరణ కళా గ్యాలరీగా మారింది. 'సమదృష్టి' అనే ఒడియా పత్రిక అది. అక్కడ తెరుచుకున్న ప్రదర్శన పేరు 'ది సావరిన్ ఫారెస్ట్'. ఢిల్లీకి చెందిన అమర్ కన్వర్ పదేళ్లకు పైగా ఒడిశా పల్లెల్లో, కొండల్లో, సముద్రతీరంలో తిరుగుతూ తీసిన చిత్రాలు, పోగుచేసిన కాగితాలు, వస్తువులు అందులో ఉన్నాయి. పత్రిక సంపాదకుడు సుధీర్ పట్నాయక్, డిజైనర్ షెర్నా దస్తూర్ ఆయనకు తోడు నిలిచారు. అదే ఏడాది ఈ పని జర్మనీలోని కాసెల్ నగరంలో డాక్యుమెంటా ప్రదర్శనకూ, తొలిసారి జరిగిన కొచ్చి-ముజిరిస్ బియెన్నాలేకూ వెళ్లింది. డాక్యుమెంటా అయిదేళ్లకోసారి జరుగుతుంది. 2002 నుంచి 2017 దాకా వరసగా నాలుగుసార్లు అక్కడ పిలుపు అందుకున్న భారతీయుడు కన్వర్. తెలుగువాళ్లకు ఆయన పూర్తిగా పరాయివాడు కూడా కాదు. 2002 నాటి 'ఎ నైట్ ఆఫ్ ప్రొఫెసీ' చిత్రం కోసం మహారాష్ట్ర, నాగాలాండ్, కశ్మీర్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చి ఇక్కడి నిరసన పాటలను, కవితలను కెమెరాకెక్కించాడు.

భువనేశ్వర్ ప్రదర్శనలో ఏముంది? నలభై రెండు నిమిషాల సినిమా ఒకటి, 'ది సీన్ ఆఫ్ క్రైమ్'. చేత్తో తయారుచేసిన కాగితంతో కుట్టిన పెద్ద పుస్తకాలు; తెరిచిన పేజీల మీదే వీడియో పడుతుంది, చదవాలంటే పేజీ తిప్పాలి. గోడ పొడవునా 260కి పైగా దేశవాళీ వరి విత్తనాలు, రకానికో చిన్న అర. భూమి కాగితాలు, ఫోటోలు, కరపత్రాలు. వీటన్నిటి కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. చూడవచ్చిన మనిషి తన దగ్గరున్న సాక్ష్యాన్ని కూడా అక్కడ జమ చేయవచ్చు. భూమి పోయిన రైతు పట్టా నకలు తెచ్చి ఇస్తే అదీ ప్రదర్శనలో భాగమే.

కన్వర్ అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. ఒక నేల మీద నేరం జరిగిందని చెప్పడానికి ఏది సాక్ష్యంగా చెల్లుతుంది? కవిత్వాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టవచ్చా? మొదట వినగానే ఇది కళాకారుల మధ్య తిరిగే మాటలా తోస్తుంది. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మాత్రం ఇది బతుకు ప్రశ్న. ఎందుకంటే అక్కడ దీని వెనకే ఇంకా పాత ప్రశ్న నిలబడి ఉంది. ఫలానా చోట దేవుడున్నాడని ఎవరు చెబితే చెల్లుతుంది? దేవుణ్ణి చూపించమని అడిగితే ఏం చూపించాలి? గ్యాలరీ అడిగేదీ, కోర్టు అడిగేదీ చివరికి అదే: చూపించు.

ఈ ప్రాంతం తెలుగు పాఠకుడికి దూరపుది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీగా ఉండేది. రాయగడ 1992లో కోరాపుట్ నుంచి విడివడి జిల్లా అయింది. రాయగడ, గుణుపురం బజార్లలో నేటికీ తెలుగు వినబడుతుంది. ఈ కొండల్లో పుట్టిన నాగావళి, వంశధార నదులే దిగివచ్చి శ్రీకాకుళం పొలాలను తడుపుతున్నాయి. అక్కడి కొండకు దేవుడెవరన్న ప్రశ్నకు కింద నీళ్లు తాగే మనకు ఏదో ఒక మేరకు సంబంధం ఉంది.

గుణుపురానికి పైన, పుట్టాసింగి చుట్టుపక్కల లాంజియా సవరల ఊళ్లున్నాయి. సవరల గురించి తొలినాళ్లలోనే శ్రద్ధగా పనిచేసినవాడు మన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉండి వాళ్ల భాష నేర్చుకుని, రాసిన వ్యాకరణాన్ని 1931లో, నిఘంటువును 1938లో వెలుగులోకి తెచ్చాడు. తర్వాత వెరియర్ ఎల్విన్ వచ్చాడు. 1940లలో ఈ కొండల్లో తిరిగి, 1955లో సవరల మతం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. 1975 నుంచి పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల మధ్యే ఏళ్ల తరబడి ఉండి వచ్చాడు. ముగ్గురిలో చివరి ఇద్దరూ ఒక విషయం దగ్గర చాలాసేపు ఆగారు. అది సవర ఇళ్లలోపలి గోడ మీద బొమ్మ.

ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా గీసే బొమ్మ అది. ఒక చట్రం, చట్రం నిండా మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, కోతులు, గొడుగు పట్టినవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు. ఎల్విన్ చూసిన వాటిలో సైకిళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. బయటివాళ్లకు ఇది ముచ్చటైన జానపద చిత్రం. సవరలకు అది ఇల్లు. చనిపోయినవాళ్లు ఉండడానికి ఇల్లు.

అది పుట్టే పద్ధతి చూస్తే మాట అర్థమవుతుంది. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. పూనకంలోకి వెళ్లే కురాన్‌ను పిలుస్తారు. సవరల్లో ఆడవాళ్లు కూడా ఈ పని చేస్తారు. పూనకంలో ఆ మనిషి నోటి ద్వారా చచ్చిపోయిన తాతో, పినతండ్రో, చిన్నప్పుడే పోయిన చెల్లెలో మాట్లాడుతుంది. బతికున్నవాళ్లు ఎదురుగా కూర్చుని వాదిస్తారు, ఏడుస్తారు, నిలదీస్తారు. ఎందుకొచ్చావని అడుగుతారు. నాకు ఉండడానికి చోటు లేదు, నన్ను మరిచిపోయారు, నాకో ఇల్లు కావాలి అంటుంది వచ్చిన ఆత్మ. అప్పుడు గీసేవాణ్ణి పిలుస్తారు. అతను గీస్తాడు, బొమ్మ ముందు కుండ వేలాడదీసి, నైవేద్యం పెట్టి, ఆ ఆత్మను వచ్చి చూసుకోమంటారు. నచ్చకపోతే అది చెబుతుంది: ఇక్కడ ఏనుగు లేదు, అక్కడ నౌకరు లేడు. మళ్లీ గీస్తారు. అంతా సరిపోయాక ఆ ఆత్మ ఇంట్లోకి దిగుతుంది.

అంటే బొమ్మను ఆమోదించాల్సింది చూసేవాడు కాదు. అందులో ఉండబోయేవాడు. సైకిలూ విమానమూ అక్కడికి చేరడానికి కారణం కూడా అదే. బతికినప్పుడు చూసి ఆశపడ్డవి, దొరల దగ్గరా అధికారుల దగ్గరా కనబడ్డవి, చచ్చాక కావాలని అడుగుతారు పెద్దలు. ఒక్కో బొమ్మ ఒక కుటుంబానికీ దాని చావులకూ మధ్య సాగిన సంభాషణ తాలూకు రికార్డు.

ఇప్పుడు ఇదే బొమ్మ కాన్వాసు మీద, పట్టుచీర మీద, భువనేశ్వర్ రోడ్ల పక్క గోడల మీద కనబడుతోంది. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదే విడతలో డొంగ్రియా కోంధుల అల్లిక శాలువాకూ, కోరాపుట్ కాలాజీరా బియ్యానికీ ఆ గుర్తింపు దక్కింది. చిత్రకారుల చేతికి డబ్బు రావడం, వాళ్ల పేరు మీద హక్కు నిలవడం మంచిది. దాన్ని తప్పుబట్టే అధికారం నగరంలో కూర్చున్న ఎవరికీ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, అమ్మకానికి గీసిన ఆ కాన్వాసు పక్కన 'పవిత్ర చిత్రం' అని రాసినప్పుడు. దాన్ని ఏ చనిపోయినవాడూ అడగలేదు. ఏ కురానూ పిలవలేదు. అది చక్కని చిత్రం, అంతవరకే.

ఇందులో తెలుగువాళ్లకు కొత్త ఏమీ లేదు. వినాయకచవితి నాడు మట్టిబొమ్మకు ప్రాణప్రతిష్ఠ చేస్తాం, పూజ ముగిశాక ఉద్వాసన చెబుతాం. ఉద్వాసన చెప్పాక అది మట్టే, ఏట్లో కలుపుతాం. ఆగమశాస్త్రమంతా ఈ రాకపోకల మీదే నిలబడి ఉంది. దేవుడు బొమ్మలోకి పిలిస్తే వస్తాడు, పంపిస్తే వెళతాడు. పిలిచే మనిషి ఉండాలి, పిలిచే పద్ధతి ఉండాలి. మ్యూజియంలో అద్దాల వెనక నిలబడ్డ చోళుల కంచు నటరాజుకు ఆ రెండూ లేవు. అయినా కొందరు సందర్శకులు ఆ అద్దం ముందు ఆగి చేతులు జోడిస్తారు. వాళ్లు చేస్తున్నది తప్పని ఏ క్యూరేటరూ చెప్పలేడు, చెప్పకూడదు కూడా. పిలిచే మనిషి ఒక్కడు దొరికినా సంబంధం మళ్లీ మొదలుకావచ్చు.

ఒడిశాలో ఈ ఆలోచన పూరీ జగన్నాథుడి దగ్గర అంచుకు చేరుతుంది. ఆయన మొదట నీలమాధవుడిగా విశ్వావసు అనే సవర నాయకుడి చేత అడవిలో పూజలందుకున్నాడని స్థలపురాణం. నేటికీ గుడిలో దైతాపతులు తాము విశ్వావసు వంశమని చెబుతారు. కొన్నేళ్లకోసారి నవకళేబరం జరుగుతుంది. ఇటీవలివి 1977, 1996, 2015. పాత కొయ్య విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్త విగ్రహంలోకి మార్చేటప్పుడు ఊరంతా దీపాలు ఆర్పేస్తారు. మార్చే దైతాపతి కళ్లకు గంతలు, చేతులకు గుడ్డ. అంత పెద్ద రథయాత్రలో లక్షల మంది ముందుకు వచ్చే దేవుడు. ఆయన లోపలిది మాత్రం మార్చేవాడు కూడా చూడకూడదు. కోరాపుట్ పట్టణంలో 1972లో కట్టిన జగన్నాథ ఆలయాన్ని శబర శ్రీక్షేత్రం అంటారు. ఆ ఆవరణలోనే గిరిజన మ్యూజియం ఉంది. ఒకే ప్రాంగణంలో ఒకవైపు పూజలందుకునే విగ్రహం, మరోవైపు అద్దాల వెనక వస్తువులు. ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్నను అక్కడికి వెళ్లినవాళ్లు ఒక్క పూటలో తామే ఎదుర్కొంటారు.

ఒక గీత ఇక్కడే గీసుకోవాలి. పవిత్రత వస్తువులో ఉండే గుణం కాదు, బంగారంలో బరువులాగా తూచి చూపించడానికి. అది కొందరు మనుషులకూ ఒక చోటుకూ మధ్య నడిచే వ్యవహారం. నడుపుతున్నవాళ్లు చెబితేనే తెలుస్తుంది. వాళ్లు మానేస్తే ఆగిపోతుంది. సవరల్లోనే ఇది జరిగింది. గత కొన్ని దశాబ్దాల్లో చాలా ఊళ్లు బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లాయి. యువతరం చనిపోయినవాళ్లతో మాట్లాడడం మానేసింది, గోడల మీద ఇళ్లు తగ్గాయి. విటెబ్‌స్కీ 2017లో రాసిన పుస్తకమంతా ఈ మార్పు గురించే. ఆయన అందులో దుఃఖాన్ని దాచలేదు. అయినా వదిలిపెట్టడం వాళ్ల హక్కు. చిత్రం అంతరించిపోతోందని బయటి కళాప్రియులు బాధపడవచ్చు. ఆ బాధ తీరడానికి సవరలు పాత దేవుళ్లను కొలుస్తూనే ఉండాలని కోరడం అన్యాయం.

మూడో దారి తొక్కిన సవరలూ ఉన్నారు. 1936లో మంగై గొమాంగో తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు, మొత్తం 24 అక్షరాలు. గుణుపురం దగ్గర మారిచగూడలో ఆ అక్షరాలనే దైవంగా ఆరాధించే సంప్రదాయం మొదలైంది. ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. 2012లో యూనికోడ్ ఆ లిపిని చేర్చుకుంది కాబట్టి, ఇప్పుడు ఆ దేవతలు ఫోన్లలోకి కూడా రాగలరు. ఎవరూ అడగకుండానే, ఎవరి అనుమతీ లేకుండానే ఒక సమాజం తన పవిత్రతను ఒక చోటు నుంచి మరో చోటుకు మార్చుకుంది. ఆ మార్పు చేసినవాళ్లు లోపలివాళ్లు కనుక అది చెల్లింది.

ఇక రాయగడ జిల్లాకు ఉత్తరాన, కలహండి సరిహద్దు మీద నియమగిరి. అక్కడ ఉండేవాళ్లు డొంగ్రియా కోంధులు, ఎనిమిది వేల మంది దాకా ఉంటారు. వాళ్లు మాట్లాడే కువి తెలుగుకు దగ్గరి చుట్టం. రెండూ ద్రావిడ భాషల్లో ఒకే శాఖవి. పనస, అనాస, నారింజ, పసుపు పండించడంలో వాళ్లది చేయి తిరిగిన పని. వాళ్ల దేవుడు నియమరాజు, ఆ కొండే ఆయన. శిఖరం మీది చెట్లు నరకరు. ఆ శిఖరం కింద ఏడు కోట్ల టన్నులకు పైగా బాక్సైట్ ఉందని లెక్క. కొండ కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ అల్యూమినా కర్మాగారం కట్టింది. గని కోసం ఒడిశా మైనింగ్ కార్పొరేషన్‌తో కలిసి ప్రయత్నాలు మొదలయ్యాయి.

ఈ కథ వివరాలు చాలామంది చదివినవే. మతం కోణం నుంచి చూస్తే మాత్రం ఇంకా చెప్పుకోవలసినవి మిగిలాయి. ఒకటి: 2010 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ చర్చి తన దగ్గరున్న వేదాంత వాటాలను అమ్మేసింది. ఆ కంపెనీ తీరు తమ నైతిక ప్రమాణాలకు నిలవదని చెప్పింది. ఒక దేవుణ్ణి నమ్మే సంస్థ, మరో దేవుడి కొండ కోసం తన డబ్బు వెనక్కి తీసుకుంది. నియమరాజు ఉన్నాడో లేడో తేల్చాల్సిన అవసరం ఆ చర్చికి రాలేదు. కొండ మీద బతికేవాళ్ల మాట వినడం సరిపోయింది.

రెండోది సుప్రీంకోర్టు తీర్పు. 2010 ఆగస్టులో ఎన్.సి. సక్సేనా కమిటీ నివేదిక తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. మైనింగ్ కార్పొరేషన్ కోర్టుకెక్కింది. 2013 ఏప్రిల్ 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన తీర్పు, రాజ్యాంగంలోని 25, 26 అధికరణాల మత స్వేచ్ఛను అటవీ హక్కుల చట్టంతో కలిపి చదివింది. గని వల్ల ఆ ప్రజల ఆరాధనా హక్కు దెబ్బతింటుందా లేదా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా ఉండాలంది.

ఆ తీర్పు ఎంత అరుదైనదో తెలియాలంటే దేవుళ్ల విషయంలో మన చట్టం ఎలా నడుస్తూ వచ్చిందో చూడాలి. గుడిలో ప్రతిష్ఠించిన విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తి. దానికి ఆస్తి ఉంటుంది, అది దావా వేయగలదు. 1925లో ప్రీవీ కౌన్సిల్ ప్రమథనాథ్ మల్లిక్ కేసులో విగ్రహానికి సొంత ఇష్టం ఉంటుందనీ, దాన్ని గౌరవించాలనీ చెప్పింది. తమిళనాడు పత్తూరులో మట్టి కింద దొరికి దొంగతనంగా లండన్ చేరిన నటరాజు కోసం అక్కడి కోర్టులో దావా నడిచింది. 1991లో తీర్పు మన వైపే వచ్చింది, నటరాజు తిరిగొచ్చాడు. అంటే రాయికి, కంచుకు, ఆలయానికి చట్టంలో తలుపు తెరిచే ఉంది. నియమరాజుకు గుడి లేదు, దస్తావేజు లేదు, ధర్మకర్త లేడు. ఆయన ఎన్ని మైళ్లు, ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అని అడిగితే చూపించే హద్దురాయి లేదు.

అందుకే వాదన అక్కడే మొదలైంది. హుండల్‌జాలి అనే శిఖరం మీద పూజ జరుగుతుందని గుర్తించారు కదా, దానికి గని అడ్డు కాదు కదా అన్నారు గని కోరినవాళ్లు. బయటినుంచి చూస్తే ఇది సబబుగానే వినబడుతుంది. గర్భగుడికి దూరంగా తవ్వుకుంటే దేవుడికేం ఇబ్బంది? డొంగ్రియాలకు మాత్రం కొండలో గర్భగుడి, ప్రాకారం అనే విభజనే లేదు. శిఖరం ఆయనే, వాగు ఆయనే, వాగు పక్కన పనసచెట్టూ ఆయనే. వేరే మతం లెక్కలతో ఒక దేవుణ్ణి కొలవబోతే ఇలాగే లెక్క తప్పుతుంది.

2013 జులై 18న మొదటి గ్రామసభ రాయగడ జిల్లా సెర్కపాడిలో జరిగింది. ఆఖరిది ఆగస్టు 19న జరపా గ్రామంలో. ఒడిశా ప్రభుత్వం ఎంచిన ఊళ్లు పన్నెండు: రాయగడలో ఏడు, కలహండిలో అయిదు. ఎక్కువ ఊళ్లలో గడపలు తక్కువ, మనుషులు తక్కువ. జడ్జిలు కొండెక్కి వెళ్లారు, అధికారులు, పోలీసులు, విలేకరులు వెళ్లారు. మగవాళ్లు, ఆడవాళ్లు లేచి నిలబడి తమ భాషలో చెప్పారు. కొండంతా ఆయనదేనని, అందులో ఒక ముక్క వేరు చేసి దేవుడిదని రాసుకోలేమని, నీళ్లు, పంట, పూజ అన్నీ ఒక్కటేనని. పన్నెండుకు పన్నెండు ఊళ్లూ గనిని వద్దన్నాయి. 2014 జనవరిలో పర్యావరణ శాఖ తుదిసారిగా అనుమతి నిరాకరించింది. 2016లో మైనింగ్ కార్పొరేషన్ మళ్లీ ప్రయత్నిస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

దీని మీద గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చేతులెత్తి దేవుణ్ణి నిర్ణయిస్తారా? ఓట్లతో పవిత్రత తేలుతుందా? రేపు ఇంకో ఊళ్లో ఎక్కువమంది కలిసి పక్కవాడి చెరువును తమ దేవుడిదని తీర్మానిస్తే? ఇలాంటి భయం అకారణం కాదు. మన దేశంలో ఆరాధన పేరుతో తక్కువమందిని తరిమిన ఉదాహరణలు లేకపోలేదు. పైగా ఆ కొండల్లో కోంధులొక్కరే లేరు, దళిత డొంబులు ఉన్నారు, గౌడులు ఉన్నారు.

సమాధానం ఆ గ్రామసభల్లోనే కనబడుతుంది. అక్కడ ఎవరూ కొత్తగా ఏదీ సొంతం చేసుకోలేదు, ఎవరినీ వెళ్లగొట్టలేదు. బతుకుతున్న బతుకును చెప్పుకున్నారు. కోర్టు కూడా నియమరాజు ఉన్నాడా లేడా అని ఓటు పెట్టలేదు. ఆ సంబంధంలో ఉన్నది ఎవరు, తవ్వితే వాళ్లకు తెగిపోయేది ఏమిటి అని అడిగింది. అది విశ్వాసం మీద ఓటింగ్ కాదు, సాక్షుల విచారణ. కూర్చోబెట్టి అడగవలసినవాళ్లను కూర్చోబెట్టి అడిగింది. 2017లో న్యూజిలాండ్ పార్లమెంటు వాంగనుయ్ నదిని చట్టబద్ధమైన వ్యక్తిగా గుర్తించి, దాని తరఫున మాట్లాడేవాళ్లలో మావోరీలను చేర్చింది. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు అలాంటి హోదా ఇస్తే సుప్రీంకోర్టు ఆపేసింది. తేడా తెలిసిందే. మొదటిదాంట్లో నది తరఫున మాట్లాడేవాళ్లలో దానితో తరాలుగా బతికినవాళ్లు ఉన్నారు. రెండోదాంట్లో ఆ బాధ్యతను ప్రభుత్వ అధికారుల చేతిలో పెట్టారు.

అమర్ కన్వర్ పని విలువ ఇక్కడ తెలుస్తుంది. 'ది సావరిన్ ఫారెస్ట్' ఒక్క నియమగిరి కోసం చేసినది కాదు. పారాదీప్ దగ్గర తమలపాకు తోటల నుంచి కళింగనగర్ దాకా ఒడిశాలో భూమి చుట్టూ జరిగిన పోరాటాలన్నీ దాని వెనక ఉన్నాయి. రాయగడ జిల్లా కాశీపురం బ్లాకులో 2000 డిసెంబర్ 16న మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. ఇలాంటి నేల మీద కెమెరా పెట్టుకుని తిరిగిన మనిషి రక్తాన్ని చూపించవచ్చు. కన్వర్ 'ది సీన్ ఆఫ్ క్రైమ్'లో చూపించినవి గడ్డి, గాలికి కదిలే ఆకులు, నీళ్లు, ఒక చెట్టు, దూరంగా ఒక మనిషి నడిచిపోవడం. ఆ చోట్లన్నీ పరిశ్రమల కోసం పోబోతున్నవి. అది తెలిశాక ప్రతి ఆకునూ మరోసారి చూడాలనిపిస్తుంది. నలభై రెండు నిమిషాలు అలా చూడడం గుడిలో దర్శనానికి దగ్గరగా ఉండే చర్య. దర్శనంలోనూ అంతే, మనం ఏమీ తీసుకోము, చూస్తూ నిలబడతాం.

అయితే అందమైన చిత్రాలకు ఒక ప్రమాదం ఉంది. కాసెల్ చీకటిగదిలో కూర్చున్న యూరప్ సందర్శకుడికి ఆ పచ్చదనం ఒక అనుభూతి ఇచ్చి పంపేయవచ్చు. సవర బొమ్మ కాన్వాసు మీదికి ఎక్కితే ఏమవుతుందో, ఒడిశా నేల తెర మీదికి ఎక్కినా అదే అవుతుంది: లోపల ఉండేవాడు లేని ఇల్లు. కన్వర్ దీన్ని గ్రహించాడనడానికి భువనేశ్వర్ ప్రదర్శనే రుజువు. సంఘటన జరిగిన రాష్ట్రంలోనే, సంఘటనల గురించి రాస్తున్న పత్రిక ఆవరణలోనే గది తెరిచాడు. ఎవరి గురించి పని చేశాడో వాళ్లే వచ్చి తమ కాగితాలు పెట్టే వీలు కల్పించాడు. చనిపోయిన తాత గోడ దగ్గర నిలబడి ఇక్కడ ఏనుగు లేదే అని చెప్పగలిగినట్టు, భూమి పోయినవాడు ఇక్కడ నా పట్టా లేదే అని చెప్పగలిగిన గది అది. కాసెల్‌లో, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ శిల్పవనంలో జరిగిన ప్రదర్శనల కంటే భువనేశ్వర్ గదే ఈ పనికి అసలైన రూపమని చెప్పాలి. మిగతావి దాని వార్తలు.

నియమగిరి తీర్పుతో ఇదంతా ముగిసిందనుకుంటే పొరపాటు. 2023లో రాయగడ, కలహండి సరిహద్దు మీదే ఉన్న సిజిమాలి బాక్సైట్ గనికి వేదాంత ఎంపికైంది. అక్కడి గ్రామసభలు ఎలా జరిగాయి, అసలు జరిగాయా అన్నదాని మీద ఊళ్లవాళ్లకూ అధికారులకూ మధ్య వివాదం నడుస్తోంది. కోరాపుట్ జిల్లాలో మాలిపర్వతం మీద గని విషయంలో 2021లో ప్రజాభిప్రాయ సేకరణ గొడవల మధ్య జరిగింది. ఈ కొండలకూ దేవుళ్లున్నారు, పూజలున్నాయి. నియమరాజు తరఫున పన్నెండు ఊళ్లు చెప్పిన సాక్ష్యం ఎంతమందికి గుర్తుందన్నదాని మీద వీటి భవిష్యత్తు కొంత ఆధారపడి ఉంది.

అందుకని ఒక మనవి. 2013లో ఆ పన్నెండు గ్రామసభల్లో నమోదైన మాటలను కోరాపుట్ మ్యూజియంలోనో, రాయగడలో ఒక గదిలోనో జనం చూసేలా, వినేలా పెట్టాలి. కువిలో మూల వాక్యం, పక్కన ఒడియా, తెలుగు. శ్రీకాకుళం, విశాఖ విశ్వవిద్యాలయాల్లో మానవశాస్త్రం, న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు ఆ అనువాదం పనికి పూనుకోవచ్చు. ఆ గదిలో ఏ విగ్రహమూ అక్కర్లేదు, మాట్లాడినవాళ్ల ఊరి పేర్లు చాలు: సెర్కపాడి, కేసరపాడి, బతుడి, లాంబ, లఖపదర్, ఖంబేసి, జరపా, తాడిఝోల, కునకాడు, పాల్బేరి, ఫుల్దుమేర్, ఇజిరుపా.